పిడుగుల పోలిరాజు

కోటవురట్ల బస్సులో కండక్టరుకి కూడా పోలిరాజు ఉద్యోగం ఏమిటో తెలుసు. వాళ్లమ్మ అచ్చియమ్మ టిక్కెట్టు తీసుకుంటూనే మొదలుపెట్టేది.

"మావోడు పిడుగులు లెక్కెడతాడు బాబూ. గవర్మెంటోళ్లే ఆ పనికి పెట్టేరు."

దాంతో బస్సంతా వెనక్కి తిరిగి చూసేది. "అయితే బాబూ, మొన్న మా తాటిసెట్టు మీద పడ్డ పిడుగు నీ లెక్కలోకి వొచ్చిందేటి?" అని ఒకడు. "మా పొలం మీదికి రాకుండా సూడు నాయినా, నీకు పున్నెముంటాది" అని ఒక ముసలమ్మ. పోలిరాజు మొహం కిటికీ వైపు తిప్పుకుని చెరుకు తోటలు చూస్తూ కూర్చునేవాడు.

నిజానికి ఆవిడ చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. నర్సీపట్నం దాటి చింతపల్లి రోడ్డెక్కాక, కొండలు మొదలయ్యే చోట ఒక చిన్న భౌతికశాస్త్ర ప్రయోగశాల ఉండేది. ఎక్కడో పెద్ద ఊళ్లో ఉన్న పరిశోధన సంస్థకి అది పిల్లకొమ్మ. డాబా మీద పొడవాటి స్తంభం, స్తంభానికి తీగలు. ఆకాశంలో మెరుపు మెరిసినప్పుడల్లా పుట్టే రేడియో అలల్ని ఆ తీగలు పట్టుకునేవి. లోపల యంత్రం ఒక కాగితం చుట్ట మీద ఒక్కో మెరుపుకి ఒక్కో గీత గీసేది. ఊళ్లో దాన్ని అందరూ 'ఉరుముల లాబు' అనేవారు. పోలిరాజు ఎమ్మెస్సీ ఫిజిక్సు చేసి, తొంభై రెండులో టెక్నికల్ అసిస్టెంటుగా అందులో చేరాడు. పొలం, జీడితోట తమ్ముడికి అప్పజెప్పి అచ్చియమ్మ కొడుకుతో వచ్చేసింది. లాబుకి ఎదురుగానే ఇల్లు. డాబా మీద తోటనించి వచ్చిన జీడిపిక్కలు ఎప్పుడూ ఎండుతూ ఉండేవి.

పోలిరాజు మంచి పనివాడే, కానీ ఒకటే చిక్కు. పదిమంది ముందు నిలబడితే అతని గొంతు నూతిలో పడ్డ చెంబులా అడుక్కి పోయేది. ఇద్దరితో అయితే మాట్లాడగలడు. మూడో మనిషి వచ్చాడంటే నీళ్లు నమిలేవాడు.

అలాంటి వాణ్ణి పట్టుకుని తొంభై ఏడు ఏప్రిల్లో డైరెక్టరు మన్మథరావు గారు కబురు చెప్పారు. "పోలిరాజూ, ఈ ఎండాకాలం డిగ్రీ పిల్లలు ఆరుగురు వస్తున్నారు. ఇన్నేళ్ల చుట్టలూ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఏ నెలలో, ఏ గంటలో ఎన్ని ఉరుములో వాళ్లచేతే ప్రోగ్రాము రాయించాలి. కొత్త కంప్యూటర్లు మంజూరయ్యాయి. మొదటిరోజు వాళ్లని ఆహ్వానించి నాలుగు మాటలు చెప్పేది నువ్వే."

"నేనాండీ?"

"మరి నేనా? నాకు ఆ వారం విశాఖపట్నంలో మీటింగు."

పోలిరాజుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. తను యూనివర్సిటీలో చదివేటప్పుడు కంప్యూటరు ఒక అద్దాల గదిలో ఉండేది. చెప్పులు బయట విప్పాలి, అయినా లోపలికి వెళ్లకూడదు. కాగితం మీద ప్రోగ్రాము రాసి కిటికీలోంచి ఆపరేటరుకి ఇస్తే, మర్నాడు తప్పులన్నీ అచ్చు వేసి అదే కిటికీలోంచి ఇచ్చేవాడు. రెండేళ్లలో పోలిరాజు ఒక్క మీట నొక్కలేదు. 'నా దగ్గరికి వచ్చే పిల్లల్ని మాత్రం మొదటిరోజే కంప్యూటరు ముందు కూర్చోబెడతాను' అనుకున్నాడు. ఆ ఒక్క మాట మీదే ఉపన్యాసం తయారు చేసుకున్నాడు. ఆదివారాలు కోటవురట్ల వెళ్లి జీడితోటలో చెట్లకి వినిపించేవాడు. ఒకనాడు అచ్చియమ్మ చాటుగా విని, "బాగానే సెప్తన్నావురా. సెట్లు ఒక్కటీ లేసి ఎల్లిపోనేదు" అంది.

మే నెల మొదటి సోమవారం ఉదయం నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సుకి పోలిరాజే వెళ్లి పిల్లల్ని తీసుకొచ్చాడు. విశాఖపట్నం నించి వచ్చిన గోపీకృష్ణ అప్పటికే ఒక కంప్యూటర్ కోర్సు చేశాడు, సర్టిఫికెట్టు ఫైలు చంకలో ఉంది. రోలుగుంట నించి సోమేశ్ మామిడిపళ్ల బుట్టతో దిగాడు. ఎస్. రాయవరం దగ్గర సముద్రపొడ్డు పల్లె నించి వచ్చిన ఝాన్సీలక్ష్మి బస్సు దిగిన దగ్గర్నించి ఒక్క మాట మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ నర్సీపట్నం కాలేజీ వాళ్లే.

లాబులో గదంతా సిద్ధంగా ఉంది. కొత్త బల్లలు, కొత్త ప్లగ్గులు. కంప్యూటర్లకి దుమ్ము పట్టకుండా నర్సీపట్నం అబీద్ సెంటర్లో దర్జీ చేత ఉజ్జాయింపుగా కుట్టించిన నీలం గుడ్డ ముసుగులు కూడా మడతపెట్టి ఉన్నాయి. లేనివల్లా కంప్యూటర్లే. ఆదివారం సాయంత్రానికే రావాల్సిన లారీ జాడ సోమవారం పది దాటినా లేదు. పదకొండింటికి ఫోను మోగింది. అవతల లారీ డ్రైవరు సింగన్న.

"బాబూ, తాళ్లపాలెం జంక్షన్లో ఇరుసు ఇరిగిపోనాదండి. మెకానిక్కు పెళ్లికెళ్లేడు. బుధవారం దాకా రాడంట."

"మరి కంప్యూటర్లు?"

"బాగున్నాయండి. ఆటి మీదే నాను పడుకున్నాను."

పోలిరాజు ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాడు. ఆరు మొహాలు తనకేసే చూస్తున్నాయి. 'రండి, కూర్చోండి, మీట నొక్కండి' అనే తన ఉపన్యాసం ఖాళీ బల్లల ముందు ఎలా చెప్పాలో తెలియలేదు. గొంతు ఎప్పటిలాగే అడుక్కి పోయింది.

గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఝాన్సీలక్ష్మి అప్పుడు మెల్లిగా నోరు విప్పింది. "సార్, నాను కంప్యూటరు ఎప్పుడూ సూళ్లేదండి. మా మాస్టారు దరఖాస్తు ఎట్టీసారు. నాకు రాదని తెలిస్తే అంపేస్తారు కదండి? ఇప్పుడే ఎల్లిపోతానండి, మధ్యాన్నం బస్సుంది."

పోలిరాజు ఆ పిల్ల మొహం చూశాడు, చేతిలో చెప్పులు చూశాడు, ఖాళీ బల్లలు చూశాడు. ఎందుకో నవ్వొచ్చేసింది. నవ్వు వచ్చేసరికి గొంతూ వచ్చింది.

"నువ్వొక్కదానివే చూడలేదా అమ్మా? ఇవాళ ఇక్కడ ఎవ్వరూ చూడరు. ముందు ఆ చెప్పులు తొడుక్కో. ఇక్కడ ఎవరూ విప్పక్కర్లేదు."

అందరూ నవ్వారు, గోపీకృష్ణ తప్ప. "సార్, కంప్యూటర్లు లేకుండా కంప్యూటింగేంటండీ?" అన్నాడు ఆ కుర్రాడు, ఫైలు సర్దుకుంటూ.

"అదే చూద్దాం, వరండాలోకి రండి" అన్నాడు పోలిరాజు. ఏం చూపిస్తాడో అప్పటికి తనకీ తెలియదు.

వరండాలోకి వెళ్లాక ఎదురు డాబా మీద ఎండుతున్న జీడిపిక్కలు కనిపించాయి. అంతే, ఆలోచన వచ్చేసింది. సోమేశ్‌ని పంపి అమ్మ దగ్గర్నించి ఒక గంపెడు పిక్కలు తెప్పించాడు. వరండా గచ్చు మీద రోజుకెన్ని గంటలో అన్ని గడులు సుద్దతో గీయించాడు. గోడకి బోర్డు తగిలించి రాశాడు.

"ఒకటి: చుట్ట మీద తర్వాతి గీత చూడు. రెండు: అది ఏ గంటలో పడిందో చెప్పు. మూడు: ఆ గంట గడిలో ఒక పిక్క వెయ్యి. నాలుగు: మళ్లీ ఒకటికి పో."

"మనమే కంప్యూటరు" అన్నాడు. "గోపీకృష్ణ బోర్డు మీది ఆజ్ఞలు చదువుతాడు. సోమేశ్ చుట్ట చూస్తాడు. ఝాన్సీలక్ష్మి మెమరీ, గడుల్లో పిక్కలు వేస్తుంది. ఒకటే షరతు. బోర్డు మీద ఉన్నదే చెయ్యాలి. సొంత బుర్ర వాడకూడదు. కంప్యూటరుకి అది లేదు."

మొదట సిగ్గుపడ్డారు. పది పిక్కలు పడేసరికి ఊపొచ్చింది. గోపీకృష్ణ పూజారి మంత్రం చదివినట్టు ఆజ్ఞలు చదువుతున్నాడు, సోమేశ్ గంట చెబుతున్నాడు, ఝాన్సీలక్ష్మి చీర కుచ్చిళ్లు దోపుకుని గడుల మధ్య గెంతుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకి చుట్ట అయిపోయింది.

"గీతలు అయిపోయాయి" అన్నాడు సోమేశ్.

"ఒకటి: చుట్ట మీద తర్వాతి గీత చూడు" అన్నాడు గోపీకృష్ణ.

"లేదురా బాబూ."

"ఒకటి: చుట్ట మీద తర్వాతి గీత చూడు."

అప్పుడే అన్నం గిన్నెలతో వచ్చిన అచ్చియమ్మ ఇది చూసి హడలిపోయింది. "ఈ గుంటడికి ఏటైపోనాదిరా? ఎండ దెబ్బ తగిల్నాదేటి?"

"లేదమ్మా" అన్నాడు పోలిరాజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతూ. "ఎప్పుడు ఆగాలో నేను బోర్డు మీద రాయలేదు. అతను సరిగ్గా కంప్యూటరు చేసేదే చేస్తున్నాడు."

"అయితే బేగి రాయి. పులుసు సల్లారిపోతాది."

పోలిరాజు 'గీతలు లేకపోతే ఆగు' అని రాశాక గానీ గోపీకృష్ణ నోరు మూయలేదు. ఆ తర్వాత విస్తరి దగ్గర కూర్చుని, "సార్, మా కోర్సులో ఇది మూడు నెలలు చెప్పారండీ. ఇవాళ అర్థమైంది" అన్నాడు. అన్నం తినేటప్పుడు కూడా సర్టిఫికెట్టు ఫైలు గుర్తుకు రాలేదు అతనికి.

భోజనాలయ్యాక గడులు చూశారు. అచ్చియమ్మ కూడా వంగి చూసింది. ఉరుములు ఎక్కువగా వచ్చేది దీపాలు పెట్టే వేళే అని ఆవిడ పందెం. తీరా చూస్తే పెద్ద కుప్ప మధ్యాహ్నం మూడుకీ నాలుగుకీ మధ్య ఉంది. "మీ పిక్కలు తప్పు సెప్తన్నాయి" అని ఆవిడ విసురుగా వెళ్లిపోయింది. కానీ మర్నాటి నించి డాబా మీద పిక్కలు మూడు కొట్టకుండానే లోపలికి ఎత్తడం అందరూ చూశారు.

బుధవారం మన్మథరావు గారు మీటింగు నించి వచ్చారు. వచ్చేసరికి తన ప్రయోగశాల వరండాలో పిల్లలు గచ్చు మీద దొర్లుతూ జీడిపిక్కలు ఏరుకుంటున్నారు. పోలిరాజు లేచి నిలబడ్డాడు.

"ఏమిటిది?" అన్నారాయన.

"కంప్యూటరండీ" అన్నాడు గోపీకృష్ణ గంభీరంగా. "ప్రింటరు ఒక్కటే తక్కువైంది సార్."

మన్మథరావు గారు కాసేపు బోర్డు చదివారు. కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత కోటు విప్పి కుర్చీ మీద వేసి, కాగితం కలం తీసుకుని కింద కూర్చున్నారు. "సరే, ప్రింటరుని నేను. గడికెన్నో చెప్పండి" అన్నారు.

సాయంత్రం కంప్యూటర్లు వచ్చాయి, లారీలో కాదు. సింగన్న వాటిని ఒక చెరుకు ట్రాక్టరులోకి మార్చి, గడ్డి కప్పి, పైన తనే కూర్చుని తెచ్చాడు. విప్పి బల్లల మీద పెట్టాక నీలం ముసుగులు తొడిగితే, మూడేళ్ల పిల్లకి కుట్టిన గౌను పెళ్లికూతురికి తొడిగినట్టు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. పిల్లలు మాత్రం ఆ యంత్రాల ముందు బెదరలేదు. ఝాన్సీలక్ష్మి తెరకేసి వేలు చూపించి, "గడులు ఇందులోన ఉంటాయండి?" అని అడిగింది. ఉంటాయన్నాడు పోలిరాజు. "మరైతే ఫర్వానేదు" అని కూర్చుంది.

ఆ శనివారం ఝాన్సీలక్ష్మి ఇంటికి వెళ్లింది. సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ పిల్ల అచ్చియమ్మ ఇంట్లోనే ఉండేది కనక ఆవిడకి బెంగ పట్టుకుంది. "పద, ఎల్లి సూసొద్దాం" అంది. బుధవారం తల్లీకొడుకులు బస్సెక్కి అడ్డరోడ్డులో దిగి, ఆటోలో ఆ పిల్ల ఊరు రేవుపోలవరం చేరారు.

ఝాన్సీలక్ష్మి తండ్రి మత్స్యలింగం పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మర్యాదగానే లేచి, పీట వేయించి, కొబ్బరిబొండాలు కొట్టించాడు. తర్వాత మనసులో మాట చెప్పాడు.

"మాస్టారండీ, మేం సముద్రం మీద పిడుక్కి జడిసి బతికేవోళ్లం. మబ్బు పడితే తెరసాప దించీసి ముడుసుకుని పడుకుంటాం. మీరేటి, ఇంటి మీద తీగలేసి దాన్ని పిలుస్తన్నారంట. అలాంటి సోటికి నా గుంటనెలగ అంపుతానండి?"

అప్పటికే చుట్టూ పాతిక మంది చేరారు. పోలిరాజు గొంతు పెగల్లేదు. సాయం చేద్దామని అచ్చియమ్మ అందుకుంది. "అలగనకు బాబూ. మావోడు ఇన్నేళ్లుగా ఎన్ని పిడుగులు లెక్కెట్టేడో! ఒక్కటీ మీద పడనేదు." దాంతో ఆడవాళ్లు కొందరు గుండెల మీద చేతులు వేసుకున్నారు. మత్స్యలింగం తల అడ్డంగా ఊపాడు. గుడిసె తడిక వెనక ఝాన్సీలక్ష్మి నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పోలిరాజు అది చూశాడు. పడవ కొయ్యకి తగిలించి ఉన్న పాత ట్రాన్సిస్టరు కూడా చూశాడు. అందులోంచి ఏదో పాట వస్తోంది. లేచి దాని దగ్గరికి వెళ్లాడు.

"మత్స్యలింగం గారూ, గాలివాన వచ్చే ముందు ఈ రేడియో ఎలా మోగుతుందండీ?"

"గరగరమంటాదండి. పాట ఒక్క ముక్క ఇనబడదు."

"ఎందుకంటారు?"

"ఎక్కడో మెరుస్తాది గదండి. అక్కడ మెరిస్తే ఇక్కడ గరగర."

"మరి ఈ రేడియో పిలిస్తేనే మెరుపు వస్తోందా?"

మత్స్యలింగం నవ్వాడు. "భలేవోరే! రేడియో పిలిస్తే వొచ్చీదానికి అదేవైనా కుక్కపిల్లేటండి? దాని దారిన అది మెరుస్తాది. ఇది ఇంటాది, అంతే."

"మా లాబులో ఉన్నదీ అదేనండీ" అన్నాడు పోలిరాజు. తన గొంతు ఆ పాతిక మందికీ వినిపిస్తోందని అప్పటికి అతను గమనించనే లేదు. "మీ రేడియోకి పెద్దన్న. పిలవదు, వింటుంది. మీరు పాటలు విని గరగర వస్తే తిట్టుకుంటారు. మేం పాటలు వదిలేసి గరగర వింటాం. ఎన్నిసార్లు గరగరమందో మీ అమ్మాయి లెక్క కడుతుంది."

మత్స్యలింగం వల పక్కన పెట్టి తొడ మీద చరుచుకున్నాడు. "పాటలొగ్గీసి గరగర ఇంటారా! ఓలమ్మో! దీనికి ఇంతింత సదువులు సదవాలేటండి?"

పల్లెంతా నవ్వింది. తడిక వెనక ఝాన్సీలక్ష్మి అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ పిల్ల తల్లి సింహాద్రమ్మ వంజరం చేపల పులుసు పెట్టి గానీ కదలనివ్వలేదు. సాయంత్రం ఆటోలో ముగ్గురు ఎక్కారు. ఝాన్సీలక్ష్మి బట్టల సంచీతో పాటు అచ్చియమ్మ ఒళ్లో ఎండుచేపల మూట కూడా ఉంది. అప్పట్నించి ఏడాదికోసారి ఇక్కడి జీడిపిక్కలు అటు, అక్కడి ఎండుచేపలు ఇటు ప్రయాణం చేసేవి.

జూన్ నెల మొదట్లో పని పూర్తయింది. ఏ గంటకెన్ని ఉరుములో చుక్కల వరసలుగా అచ్చు వేసే ప్రోగ్రాము ఝాన్సీలక్ష్మే రాసింది. గోపీకృష్ణ దాంట్లో తప్పులు ఏరిపెట్టాడు. ఏరిన ప్రతి తప్పుకీ ఇద్దరూ పోట్లాడుకున్నారు. చివరిరోజు మత్స్యలింగం ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. కొండల మీద మబ్బు కమ్ముతోంది. పోలిరాజు యంత్రానికి ఉన్న ఇయర్‌ఫోను తీసి ఆయన చెవులకి పెట్టాడు. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"మా రేడియో కన్నా శానా బాగా గరగరమంటోందండి" అన్నాడు, మెచ్చుకుంటూ.

ఆ తర్వాత ప్రతి మే నెలా పిల్లలు వచ్చారు. ప్రతి ఏడూ మొదటిరోజు కంప్యూటర్ల గదికి తాళం వేసే ఉండేది. వరండాలో గడులు, గంపలో పిక్కలు. ఒక ఏడు జీడి కాపు లేక అచ్చియమ్మ వేయించిన వేరుశనక్కాయలు ఇచ్చింది. సాయంత్రానికి లెక్క తేలలేదు, మూడు గంటల గడి దాదాపు ఖాళీ. ఈ ఏడు ఉరుములు తగ్గాయా అని పోలిరాజు కంగారుపడి చూస్తే, మెమరీగా కూర్చున్న కుర్రాడి చుట్టూ తొక్కలు. "మెమరీని తినేశారండీ" అని పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు.

పోలిరాజు పెళ్లి కూడా ఈ ఉరుముల వల్లే కుదిరింది. రోలుగుంట స్కూల్లో లెక్కల టీచరు మంగాదేవి. పెళ్లిచూపుల్లో పోలిరాజు అలవాటు ప్రకారం బొమ్మలా కూర్చున్నాడు. వాళ్లవాళ్లు పెదవి విరుస్తుంటే, "పిడుగుల్ని ఎలా లెక్కపెడతారండీ?" అని ఆ అమ్మాయే అడిగింది. ఇక అతన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కాఫీలు రెండుసార్లు వచ్చాయి. మూడోసారి ముహూర్తాల మాట వచ్చింది.

రెండువేల అయిదులో పెద్ద ఆఫీసు నించి ఉత్తర్వు వచ్చింది. అన్ని శాఖల్లోనూ వేసవి విద్యార్థులకి ఒకే పద్ధతిలో ఆహ్వానం జరగాలట. తెర, ప్రొజెక్టరు, స్లైడులు అన్నీ వాళ్లే పంపారు. పోలిరాజు ఎదురుచెప్పలేదు. చీకటి గదిలో స్లైడులన్నీ బుద్ధిగా చూపించాడు. పిల్లల్లో సగం మందికి కునుకు పట్టింది. లైటు వేసి, "ఆహ్వానం అయిపోయింది. ఇంక వరండాలోకి రండి" అన్నాడు. ఏడాది తిరిగాక పెద్ద ఆఫీసు నించి తనిఖీకి వచ్చిన ఆయన కూడా గచ్చు మీద కూర్చుని పిక్కలు వేశాడు. స్లైడుల సంగతి తర్వాత ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి వేసవిలో ఎలమంచిలి కాలేజీ నించి ఫిజిక్సు లెక్చరరు ఒకావిడ తన విద్యార్థుల్ని వెంటపెట్టుకుని వచ్చింది. ఝాన్సీలక్ష్మే. ఆహ్వానం మాటలు తనే చెప్తానంది. పోలిరాజు సంతోషంగా ఒప్పుకుని, పిల్లల మధ్య చివరి వరసలో మంగాదేవి పక్కన కూర్చున్నాడు. ఝాన్సీలక్ష్మి గొంతు వరండా దాటి రోడ్డు మీదికి వినిపించింది. సముద్రం హోరులో మాట్లాడి పెరిగిన గొంతు మరి. చింతపల్లి వెళ్లే జీపు ఒకటి ఆగి, ఏం జరుగుతోందో చూసి మరీ వెళ్లింది.

ఆ ఏడు పిల్లలు మరీ ఎక్కువమంది వచ్చారు. వరండా చాలలేదు. పోలిరాజు అమ్మనడిగి ముగ్గుపిండి తెచ్చి, ముందున్న నేల చిమ్మించి, అక్కడ కూడా గడులు గీయించాడు. పండక్కని దాచుకున్న పిండంతా అయిపోయిందని అచ్చియమ్మ సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది. సణుగుతూనే వంగి, వంకరగా వచ్చిన గీతలు సరిచేసింది.